తాత పడవకి కొత్త గుడ్డ తొడగాలా, అట్లే వదిలేయాలా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది చిత్తూరు. మా తాత మిషన్ కాంపౌండ్‌లో తోటపని చేసేవాడు, 1960ల్లో ఒక అమెరికా దొర ఊరు వదిలిపోతా తన పడవని తాతకి ఇచ్చిపోయినాడంట. పదిహేడు అడుగులు ఉంది, లోపల సన్న చెక్క పలకలు, బయట గుడ్డ కప్పి పచ్చ పెయింట్ వేసినారు. తాత దాన్ని ఒక్కసారి కూడా నీళ్ళలో దించలేదు, మా కొట్టంలో వెల్లకిలా పడుంది ఇన్నేళ్ళూ. ఇప్పుడు కొట్టం పడగొట్టాలి. గుడ్డ చినిగి వేలాడతా ఉంది, లోపల పక్కటెముకల లాంటి రిబ్బుల్లో నాలుగు విరిగినాయి, ఒక ముక్కు దగ్గర బెత్తెడు మేర చెక్క పుచ్చిపోయింది, ఒక అంచు బద్దకి చెదలు పట్టింది. ఫైబర్ పని చేసే ఆయన గుడ్డ పీకేసి ఫైబర్ గ్లాస్ వేస్తే నూరేళ్ళు ఉంటుంది, పద్దెనిమిది వేలు అన్నాడు. తిరుపతి రోడ్డులో రిసార్టు పెట్టిన ఆయన పాతికవేలు ఇస్తాను, సగానికి కోసి రిసెప్షన్‌లో షోకేసు చేసుకుంటాను అంటున్నాడు. అమ్మ అమ్మేయమంటుంది. అక్క ముట్టుకోవద్దు, పాతది పాతగానే ఉండాలి, రిపేరు చేస్తే యాంటిక్ విలువ పోతుంది అంటుంది. నాయనకి 71 ఏళ్ళు, ఏమీ అనడు, కానీ సాయంత్రం పోయి దాని పక్కన కూర్చుంటాడు. ఏం చేయమంటారు?

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను, నాకైతే చివరి లైను దగ్గరే ఆన్సర్ దొరికింది కానీ నువ్వు అడిగింది చెక్క గురించీ గుడ్డ గురించీ కాబట్టి ముందు అదే మాట్లాడుకుందాం. ఒక మాట మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను, రిసార్టు ఆయనకి ఈ రోజే ఫోన్ చేసి ఇచ్చేది లేదని చెప్పేయి. ఫైబర్ ఆయనకి కూడా. మిగతాది తీరిగ్గా తేల్చుకోవచ్చు.

నీ దగ్గర ఉన్నది కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి తేలిక పడవ, అందులోనూ చెక్క మీద కాన్వాస్ గుడ్డ కప్పిన రకం. ఇది అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం నుంచి వచ్చిన పనితనం. అక్కడి పెనాబ్‌స్కాట్ తెగవాళ్ళు భూర్జ చెట్టు బెరడుతో పడవలు కట్టేవాళ్ళు, పెద్ద బెరడు దొరకడం కష్టమయ్యే కొద్దీ 1870ల తర్వాత అక్కడి పడవ మేస్త్రీలు బెరడు బదులు నూలు కాన్వాస్ తొడగడం మొదలుపెట్టినారు. లోపల సీడర్ చెక్కని ఆవిరి పట్టి వంచిన రిబ్బులు, వాటి మీద అర సెంటీమీటర్ కూడా లేని పలకలు, రెండిటినీ కలిపి వేలకొద్దీ చిన్న ఇత్తడి మేకులు, దాని మీద గుడ్డ, గుడ్డ దారాల సందులు పూడ్చే ఫిల్లర్, ఆ పైన ఎనామెల్ పెయింట్. నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది చెక్క కాదు, గుడ్డా ఫిల్లరూ పెయింటూ. చెక్క ఆకారం ఇస్తుంది అంతే. మన కృష్ణ మీదా తుంగభద్ర మీదా తిరిగే పుట్టి చూసినావు గదా, వెదురు బుట్ట అల్లి దాని మీద ఒకప్పుడు తోలు, ఇప్పుడు పట్టా కప్పి తారు పూస్తారు, అదే లెక్క. పుట్టికి పై కప్పు చినిగితే ఎవరూ పుట్టి పోయింది అనరు, పట్టా మారుస్తారు.

అందుకే మీ అక్క మాట దగ్గర నేను ఒప్పుకోలేను. ఆమె ఎందుకు అంటుందో నాకు బాగా అర్థమవుతుంది, పాత సామాను మీద ప్రేమ ఉన్నోళ్ళు అట్లే అంటారు, నేనూ చాలా వాటికి అదే చెప్తాను, పాత ఇత్తడి బిందెని తోమి తళతళలాడించొద్దు అని ఎంతమందికి రాసినానో. కానీ కెనూకి గుడ్డ అనేది మొదటి నుంచీ మార్చడానికే పెట్టినది, కట్టినవాళ్ళే అట్లా అనుకొని కట్టినారు, బాగా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్ళు వస్తుంది, తర్వాత విప్పి కొత్తది తొడుగుతారు. మనకి తెలిసిన పోలిక చెప్తాను, పెద్ద పోలికే కానీ అక్క తిరుపతి దగ్గర పుట్టిన మనిషి కాబట్టి ఇది అర్థమవుతుంది. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ చేస్తారు, 2018 ఆగస్టులో చేసినారు, విగ్రహాల కింద పీఠం దగ్గర వేసే ఆ అష్టబంధనం ముద్ద అరిగిపోతుంది కాబట్టి కొత్తది పెడతారు. దానివల్ల గుడి పాతదనం పోయిందని ఎవరైనా అన్నారా? మార్చాల్సినదాన్ని మార్చకుండా వదిలేస్తేనే అసలుదానికి దెబ్బ. చినిగిన గుడ్డ కింద తేమ పట్టి చెక్క పుచ్చడం అంటే అదే, నీ పడవ ముక్కు దగ్గర బెత్తెడు పోయింది చూడు, అది అట్లా పోయిందే.

ఇంక ఫైబర్ సంగతి. ఆయన నూరేళ్ళు అంటే నూరేళ్ళు ఉంటుంది నిజమే, ఫైబర్ ఉంటుంది, దాని లోపల చెక్క ఉండదు. ఫైబర్‌తో కలిపి పూసే రెజిన్ అనే జిగురు ఒకసారి చెక్కకి పట్టుకుంటే ఆ పలకలు విడిగా తీయలేవు, రేపు ఒక రిబ్బు మార్చాలంటే బయటి నుంచి మేకు తీయాలి, ఆ మేకులన్నీ ఫైబర్ కింద మూసుకుపోయి ఉంటాయి. చెక్క వానకి ఉబ్బుతుంది ఎండకి కుంచించుకుపోతుంది, ఫైబర్ కదలదు, ఆ రెండిటి మధ్య పోట్లాటలో ఫైబర్ అక్కడక్కడా ఊడి బుడగలు కడుతుంది, ఆ బుడగలో నీళ్ళు చేరి బయటికి రాలేక లోపల చెక్కని మెత్తగా చేస్తాయి. బరువు కూడా పెరుగుతుంది, ఇప్పుడు అది ముప్పై అయిదు కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ఇద్దరు ఈజీగా మోస్తారు.

చెక్కని కదలనీయకపోతే ఏమవుతుందో నేను సొంతంగా చూసినాను. మా ఇంటి వీధి తలుపు, మా అవ్వ కాపురానికి వచ్చినప్పటిది, ఏప్రిల్‌లో పలకల మధ్య సందులు వేలు దూరేంత కనిపిస్తే గాలి వస్తుందని గట్టి ఫిల్లర్ తెచ్చి నేనే నింపినాను, రుద్ది పాలిష్ కూడా కొట్టినాను, చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. నవంబరులో మనకి వానలు పడేది తెలుసు గదా, పది రోజులు ముసురు పట్టేసరికి చెక్క ఉబ్బింది, ఉబ్బడానికి చోటు లేక మధ్య పలక నిలువునా పగిలింది. అరవై ఏళ్ళు ఏమీ కాని తలుపు నా చేతిలో ఏడు నెలల్లో పగిలింది. అప్పటినుంచి పాత చెక్కకి మళ్ళీ వెనక్కి తీయలేని పని ఏదీ చేయొద్దని చెప్తానే ఉన్నాను. మన పాత ఎడ్లబండి వాళ్ళకి ఇది చదువు లేకుండానే తెలుసు, ఎండాకాలం చక్రం చెక్క కుంచించుకుపోయి ఇనుప పట్టా లూజ్ అయితే చక్రాన్ని చెరువులో నానేసేవాళ్ళు, మేకులు కొట్టేవాళ్ళు కాదు. నీ పడవ పలకల మధ్య కూడా ఇప్పుడు సందులు ఉంటాయి, వాటిల్లో ఏమీ నింపొద్దు, ఎవరు చెప్పినా నింపొద్దు.

అమ్మ వైపు నుంచి కూడా ఆలోచిద్దాం, డబ్బు మాట. ఇట్లాంటి కెనూలకి కొనేవాళ్ళు ఉండేది అమెరికా కెనడాల్లో, అక్కడికి పంపే ఖర్చుకే నీకు ఏమీ మిగలదు, అక్కడ కూడా రిపేరుకి పెట్టిన డబ్బు అమ్మితే తిరిగి రావడం అరుదు. కాబట్టి లాభం కోసం అయితే ఈ పని మొదలుపెట్టొద్దు, అమ్మకి ఈ మాట నువ్వే ముందు చెప్పేయి, రేపు గొడవ లేకుండా. పాతికవేలు పెద్ద మొత్తమే, నేను కాదనను, కానీ ఆ పాతికవేలు పడవకి ఇవ్వడం లేదు, రెండు ముక్కలకి ఇస్తున్నాడు.

సరే, అయితే బాగు చేయగలిగిన పడవేనా కాదా అన్నది ఎట్లా తేల్చాలి. ఇది నువ్వే ఒక ఆదివారం చేయొచ్చు. ఇద్దరు పట్టి పడవని బయటికి తెచ్చి బోర్లా తిప్పి నడుమెత్తు రెండు స్టూళ్ళ మీద పెట్టు. ఈ కొస ముక్కు నుంచి ఆ కొస ముక్కు దాకా గోడ కట్టే మేస్త్రీ దారం లాగి కట్టు. దారానికి రెండు వైపులా ఒకే దూరం ఉందా, పడవ ఎక్కడన్నా మెలి తిరిగిందా, అడుగు భాగం మధ్యలో లోపలికి సొట్ట పడిందా చూడు. ఇన్నేళ్ళు వెల్లకిలా పడి ఉందన్నావు, దాని బరువు అడుగు మీదే పడింది కాబట్టి కొంచెం తేడా ఉంటుంది, కొంచెం పర్వాలేదు. బాగా మెలి తిరిగి ఉంటే అప్పుడు నా సలహా వేరే, తుడిచి చెదలు ఆపి అట్లే దాచుకో, నీళ్ళలో దించాలనే ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత దబ్బనం ఒకటి తీసుకో. రెండు ముక్కుల దగ్గర, అంచు బద్దల కొసల్లో, కొసన ఉండే చిన్న మూడుకోణాల చెక్క కింద, ఈ చోట్లంతా మెల్లగా గుచ్చి చూడు. కెనూలు పుచ్చేది ఎప్పుడూ అక్కడే, నీళ్ళు జారి నిలిచేది అక్కడ కాబట్టి. గట్టి చెక్కలో దబ్బనం మొన ఆగుతుంది, పుచ్చినదాంట్లో వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఎంత మేర దిగుతుందో బలపంతో గీత గీసి పెట్టు. బెత్తెడు అన్నావు గదా, నిజంగా బెత్తెడే అయితే భయం లేదు, పోయినంత మేర ఏటవాలుగా కోసి కొత్త ముక్క ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతుకుతారు, అది మామూలు పనే. నాలుగు రిబ్బులు కూడా పెద్ద లెక్క కాదు, ఇట్లాంటి పడవలో నలభైకి పైగా ఉంటాయి. సగం రిబ్బులు విరిగి పలకలు కూడా పోయి ఉంటే నేను వేరేగా రాసేవాణ్ణి. చెదలు పట్టిన అంచు బద్ద మొత్తం మార్చాల్సి వస్తుంది, దాని గురించి ఆశ పెట్టుకోవద్దు, అది పోనీ.

ముక్కు దగ్గర లోపల అడుగున వంపు తిరిగిన కర్ర ఒకటి ఉంటుంది, తడి గుడ్డతో మెల్లగా తుడిచి టార్చి వేసి చూడు, ఉప్పుకాగితం మాత్రం పెట్టొద్దు. అంకెలు కొట్టి ఉంటాయి. వరసగా ఆరంకెల దాకా ఉండి కొంచెం ఎడంగా 17 అని ఉంటే అది ఓల్డ్ టౌన్ కెనూ కంపెనీ పడవ అయ్యే అవకాశం చాలా ఎక్కువ, ఆ 17 అనేది అడుగులు. ఇదే నాకు ఈ మొత్తం విషయంలో ఒళ్ళు జలదరించే సంగతి, ఆ కంపెనీ కట్టిన ప్రతి పడవకీ ఒక కార్డు రాసిపెట్టింది, ఏ మోడలు, ఏ చెక్క, ఏ రంగు, ఏ తేదీన ఎక్కడికి పంపినారు అని, ఆ కార్డులు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. 1979లో పెట్టిన వుడెన్ కెనూ హెరిటేజ్ అసోసియేషన్ అనే సంఘం వాళ్ళకి నంబరు పంపితే వెతికి చెప్తారు. అంటే ఆ దొర చేతికి రాకముందు ఈ పడవ మొదటిసారి ఏ ఊరికి దిగిందో నీకు తెలియొచ్చు. మన చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు ఉన్న ఆర్కాట్ మిషన్ అమెరికా వాళ్ళది, 1853 నుంచి ఉంది, ఆ కుటుంబాలు ఎండాకాలం కొడైకెనాల్ పోయేవి, పిల్లల్ని అక్కడి బడిలో వేసేవాళ్ళు, అక్కడ 1863లో కట్టిన సరస్సు ఉంది. చిత్తూరు చెరువుల్లో తిరగడానికి ఎవరూ అంత దూరం నుంచి పడవ తెప్పించుకోరు, కొడై కోసం తెచ్చుకొని ఉంటాడని నా ఊహ. నాయనని అడుగు, తాత ఎప్పుడన్నా దొర సామానుతో కొండకి పోయినాడేమో.

ఇక పని ఎవరు చేయాలి, ఎట్లా చేయాలి. మొత్తం తెలిసిన మేస్త్రీ మన వైపు దొరకడు, కానీ ముక్కలు ముక్కలుగా అన్ని పనులూ తెలిసినవాళ్ళు ఉన్నారు. శ్రీకాళహస్తి పక్కన మాధవమాలలో చెక్క విగ్రహాలు చెక్కేవాళ్ళ చేతికి ముక్కు దగ్గర అతుకు ఇవ్వు, ఆ వంపు వాళ్ళకి ఒక లెక్క కాదు. రిబ్బులకి మాత్రం టేకు వద్దు, బరువు. ఎర్రచందనం ఊసే ఎత్తొద్దు, కేసుల సంగతి పక్కన పెట్టినా అది నీళ్ళలో వేస్తే మునిగే చెక్క. వెస్టర్న్ రెడ్ సీడర్ మన దేశానికి దిగుమతి అవుతుంది, చెన్నై డిపోల్లో అడుగు, కావాల్సింది నాలుగు రిబ్బులకే కాబట్టి అయిదారు అడుగుల పట్టీలు ఓ ఎనిమిది తీసుకుంటే సరిపోతుంది, వంచేటప్పుడు సగం విరుగుతాయి అనుకొనే తీసుకో. గీతలు కొస నుంచి కొసకి నేరుగా ఉండాలి, ముడి ఒక్కటి కూడా ఉండకూడదు, కిల్న్ అనే వేడి గదిలో ఆరబెట్టింది కాకుండా గాలికి ఆరింది అయితే బాగా వంగుతుంది. ఆవిరికి పెద్ద సరంజామా అక్కర్లేదు, పొడుగు చెక్క పెట్టె ఒకటి చేసి పొయ్యి మీద నీళ్ళు మరిగించి ఆవిరి దాంట్లోకి పంపు, అంగుళం మందానికి గంట లెక్క, నీ రిబ్బు అంగుళంలో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి ఇరవై నిమిషాలు. తీసిన వెంటనే పడవ బయటి వైపు మీదే ఆనించి వంచాలి, పడవే దానికి అచ్చు. కొంచెం చల్లారితే ఇంక వంగదు.

మేకుల దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఇత్తడివే, ఇనుపవి ఒక్కటి కూడా వద్దు, తుప్పు పట్టి చెక్కని నల్లగా చేసి తినేస్తాయి. బయటి నుంచి కొట్టేటప్పుడు లోపల ఇనుప దిమ్మ ఆనించి పెడితే మేకు మొన దానికి తగిలి వెనక్కి మడుచుకొని చెక్కలోనే దిగబడుతుంది. చెప్పులు కుట్టే ఆయన ఇనుప అచ్చు మీద చెప్పు పెట్టి మేకు కొడతాడు చూడు, అచ్చం అదే. ఒకసారి ఆయన దగ్గర కూర్చొని పది నిమిషాలు చూసిరా, నేను ఎంత రాసినా అంత తెలియదు.

కాన్వాస్ నూలుదే కొను, పదో నంబరు డక్ అంటారు, చదరపు మీటరుకి సుమారు 500 గ్రాములు తూగుతుంది. పడవ పొడుగు కంటే మూడడుగులు ఎక్కువ ఉండాలి, వెడల్పుకి పడవ మధ్యలో ఈ అంచు నుంచి ఆ అంచుకి టేపు చుట్టి కొలుచుకొని పట్టుకోవడానికి ఇంకో జానెడు కలుపు. మధ్యలో కుట్టు ఉండకూడదు, ఒకటే గుడ్డ. దాన్ని పొడుగ్గా మడిచి ఉయ్యాల లాగా రెండు వైపులా గట్టిగా లాగి కట్టి అందులో పడవని కూర్చోబెట్టి, మధ్య రిబ్బు నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ లాగుతా అంచుకి మేకులు కొడతారు. తర్వాత ఫిల్లర్, పాతకాలంలో సీసం తెలుపు కలిపేవాళ్ళు, ఇప్పుడు అది వద్దు, బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అమ్మే అవిసె నూనెలో సన్న సిలికా పొడి, కొంచెం ఎనామెల్, త్వరగా ఆరడానికి కలిపే డ్రయ్యర్ ద్రవం కలిపి గ్లవ్స్ వేసుకొని అరచేత్తో గుడ్డకి రుద్దుతారు. సిలికా పొడి కలిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఆ నూనె గుడ్డపీలికలు ముద్ద చేసి మూలన పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి, విప్పి బయట తీగ మీద ఆరేయి. ఫిల్లర్ ఆరడానికి నెలకి తక్కువ పట్టదు, తొందరపడి పెయింట్ వేస్తే ముడతలు పడుతుంది. పాత పెయింట్‌లో సీసం ఉంటుందనే అనుకొని పొడిగా రుద్దకుండా తడిపి గీకు, మీ ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఆ దరిదాపులకి రానీయొద్దు.

టైము ఎట్లా పెట్టుకోవాలంటే, ఈ వారం కొట్టం నుంచి తీసి బోర్లా, నేలకి తగలకుండా, గాలి ఆడే వరండాలో పెట్టు, రేకుల షెడ్డు వద్దు, మన ఎండకి అది పొయ్యి అవుతుంది. చెదలు దులిపేసి బోరిక్ పౌడర్ నీళ్ళు కొట్టు. పాత గుడ్డ పీకేటప్పుడు దాన్ని పారేయకు, ఒక జానెడు ముక్క పచ్చ రంగుతో సహా కోసి నంబరు కాగితంతో కలిపి దాచు, అక్కకి ఇవ్వు, రంగు కలిపేటప్పుడు కూడా పనికొస్తుంది. చెక్క పని సంక్రాంతి లోపల, గుడ్డ తొడిగేది ఫిబ్రవరిలో, ఫిల్లర్ మార్చి అంతా ఆరనీ, పెయింట్ నీడన ఏప్రిల్‌లో. నీళ్ళు అయితే మళ్ళీ నవంబరు వానల తర్వాతే, చెరువులు నిండితే. వరద నీళ్ళు పారేటప్పుడు వద్దు, 2021లో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఎంత భయపడినామో మర్చిపోలేదు. కట్ట నిమ్మళించినాక, పంచాయతీ వాళ్ళకి చెప్పి, ఒడ్డు పక్కనే, అందరికీ లైఫ్ జాకెట్ వేసి. పులికాట్ కూడా లోతు తక్కువే కానీ పక్షుల అభయారణ్యం ఉన్న చోట అటవీశాఖని అడగకుండా పోవద్దు, ఉప్పునీళ్ళు కాబట్టి ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగాలి.

కాబట్టి నా మాట, దారం పరీక్షలో పడవ నేరుగా ఉంటే చేయి. నిదానంగా, ఒక్కో పనీ, డబ్బు ఉన్నప్పుడు ఉన్నంత. మధ్యలో ఆగిపోయినా నష్టం లేదు, బోర్లా పెట్టి చెదలు లేకుండా ఉంచితే ఇంకో పదేళ్ళకి కూడా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కానీ నాయనకి 71 అన్నావు. పదేళ్ళు ఆగొచ్చు అని నేను పడవ గురించి చెప్తున్నాను.

ఆయన ఏమీ అనడు అని రాసినావు. అడిగినావా ఎప్పుడన్నా? తాత ఎందుకు దాన్ని దించలేదో ఆయనకి తెలిసి ఉంటుంది, ఈత రాకనో, దొర మళ్ళీ వస్తాడు అనుకొనో, పనివాడికి పడవేంది అని ఎవరన్నా అంటారనో. దబ్బనం పరీక్ష ఆయనతోనే చేయించు, బలపం గీతలు ఆయన్నే గీయమను, పక్కన కూర్చొని అడుగు. కెనూలో కూర్చునేటప్పుడు సీటు మీద కాకుండా అడుగున పరుపు వేసి కూర్చోబెట్టు, బరువు కిందికి ఉంటే ఊగదు, 71 ఏళ్ళ మనిషికి అదే క్షేమం. నంబరు కనిపిస్తే రెండు ముక్కుల దగ్గరా ఫోటో తీసి పంపు, ఒకచోట చెరిగిపోయినా రెండో చోట ఉంటుంది, సంఘం వాళ్ళకి ఉత్తరం నేను రాసిపెడతాను.